దుమ్ములగొండి పేరు మీద

జ్ఞానాపురంలో డిసెంబరంటే
నా కుట్టుమిషనుకి రాత్రి అనేది ఉండదు.
చిలకాకుపచ్చ గౌన్లు, తెల్ల లాల్చీలు,
చర్చి మెట్ల మీద మెరవాలని ఆత్రపడే జరీ ముక్కలు.
వీధి వీధంతా పండగ
నా సూది కన్నంలోంచే దూరి వెళ్తుంది.

ఈసారి కొంచెం డబ్బులు మిగిలాయి.
మిగిలాయంటే,
కళ్ళజోడు మార్చుకోలేదు.

ఎండాడ దగ్గర జూలో, కౌంటరు కుర్రాడు
జాబితా నా వైపు తిప్పాడు.
పులికి ఎవరో కంపెనీవాళ్ళు ఏడాదికి కట్టేశారట.
ఏనుగుకి ఒక బ్యాంకు.
నెమళ్ళకైతే పుట్టినరోజు పిల్లలు వరస కట్టారు.
"ఎవరూ అడగనిది ఏటైనా ఉందా బాబూ?"
వేలు కిందకి జారుకుంటూ పోయి
అట్టడుగున ఆగింది.

దుమ్ములగొండి.

"ఒక్క రోజు తిండి. ఎవరి పేరు రాయమంటారు?"

ఆ పేరు నా నోటిదాకా వచ్చి మూడేళ్ళయింది.
అమ్మ గొలుసు తూకం దగ్గర మాట జారింది.
ఎవరు జారారో అప్పుడు బాగా తెలుసు,
ఇప్పుడు అంత తెలీదు.
"జెకర్యా అని రాయి నాయనా.
మా తమ్ముడు. పోర్టులో క్రేను నడుపుతాడు.
అదీ రాస్తావా?"
"అక్కర్లేదమ్మా."

చిన్నప్పుడు వాడిని పిలిచిందే అలా.
అరకిలో మాంసం, ఆరుగురం.
పండగ మధ్యాహ్నం అమ్మ గరిటె
ముక్కలు లెక్కపెట్టుకుంటూ తిరిగేది.
"నాకు దుమ్ములే ఎయ్యే" అని కంచం చాపేవాడు.
పటుక్కున కొరికి, మూలుగ జుర్రి,
ఖాళీ ఎముకలో ఈల ఊదేవాడు.
"ఒరే దుమ్ములగొండీ!"
కూర మీది కారానికీ నవ్వుకీ
అందరికీ కళ్ళు కారేవి.
నవ్వేవాళ్ళు
కంచాల్లో ముక్కలు లెక్కపెట్టుకోరు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
గులాబీపువ్వుల డబ్బాలో పైన పెట్టి
మల్కాపురం వెళ్తున్న కేరల్స్ పిల్లలకిచ్చాను.
అర్ధరాత్రి దాటాక వాళ్ళ గిటారు
ఆ ఇంటి ముందు ఆగే ఉంటుంది.
డబ్బా మూత తీసే ఉంటారు.

తెల్లారి మరదలు ఫోను.
"ఏటొదినా, పండగ పూట
మనిషిని మృగంతో పోలుస్తారా?
కాగితం చదివి కంచం ముందు నుంచి లేచిపోయారు."
నాకు జవాబు రాలేదు.
కత్తెర మాత్రం నడిచింది,
సంఘపెద్ద మనవరాలి జాకెట్టు
మెడ దగ్గర అరంగుళం ఎక్కువ తెగిపోయింది.
దానికి ఇంకో లేసు వేసి సర్దాను.
మనుషులకి వేసే లేసు
మెయిన్ రోడ్డులో ఏ షాపులోనూ దొరకదు.

రెండు రోజులు పోయాక, పొద్దు వాలేవేళ,
వాడి నంబరు.
ఎత్తాను. మాట లేదు.
కంబాలకొండ మీంచి దిగుతున్న గాలి,
ఎవరో పిల్లాడు ఐస్‌క్రీమ్‌కి ఏడుపు,
ఇనప తలుపు కిర్రు.
అప్పుడు
పటుక్కు.
మళ్ళీ.
పటుక్కు.

"ఇన్నావా" అన్నాడు.
"ఇన్నాను" అన్నాను.

చాలాసేపు ఇద్దరం దాని పళ్ళే విన్నాం.
తర్వాత వాడు నవ్వాడు,
గొంతులో ఏదో అడ్డం పడినట్టు.
"అక్కా, ఒకటి చూశాను.
ఇది కూడా ముందు ముక్కలే తిన్నాదే.
దుమ్ముల జోలికి ఆఖర్నే ఎళ్ళింది."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచాను.
పాతది కదా,
తుడిచినా ఏమీ కనపడలేదు.

"ఆదివారం ఏటి కూర?" అంటున్నాడు అవతల.
నేనింకా ఆ మధ్యాహ్నం దగ్గరే ఉన్నాను,
నా కంచంలో ఎన్ని పడ్డాయో
ఇప్పుడు లెక్కపెడుతూ.